పెద్ద గోలెం కోసం చెప్పిన అబద్ధం

కాప్రా చెరువుకు దగ్గర్లో ఒక అద్దె ఇంటి పెరట్లోకి అడుగు పెట్టీ పెట్టగానే నా ముక్కు గుర్తుపట్టేసింది. కళ్ళు ఇంకా ఏమీ చూడలేదు. పక్కన నడుస్తున్న షాహీన్ ఏదో చెబుతూనే ఉంది. నేను మాత్రం గడప దగ్గరే ఆగిపోయాను. నానబోసి మరిచిపోయిన పప్పు, తడి సున్నం, పశువుల కొట్టం, అడుగున ఎక్కడో కొంచెం బెల్లం, ఈ నాలుగూ కలిస్తే వచ్చే వాసన అది. నీలిమందు పులిసే వాసన. బయటివాళ్ళెవరైనా ముక్కు మూసుకుంటారు. నేను మాత్రం సిగ్గు లేకుండా గట్టిగా ఊపిరి పీల్చుకున్నాను. మారేడ్‌పల్లిలో మూడో అంతస్తు ఫ్లాటులో అగరొత్తి వాసన తప్ప ఇంకేదీ పడదని పేరు తెచ్చుకున్న మనిషిని, ఈ వాసన కోసం ఇన్నేళ్ళూ ఆకలి మీద ఉన్నానని నాకే తెలియదు.

షాహీన్ మా పాత పొరుగింటి కాసిం చాచా మనవరాలు. ముప్పై దాటి ఉండవు. బట్టల డిజైను చదివి, ఒక కంపెనీలో కొన్నాళ్ళు పనిచేసి, అది వదిలేసి ఈ ఇల్లు తీసుకుంది. నూలుకూ ఖద్దరుకూ నీలిమందు అద్ది అమ్ముతోంది. మూడు రోజుల కిందట ఫోన్ చేసి, "ఆంటీ, నా గోలెం సచ్చిపోయేటట్టుంది, జెర వచ్చి చూస్తరా" అని అడిగింది. గోలెం అంటే నడుములోతు మట్టి బాన. అందులోనే నీలిమందు పులిసి రంగవుతుంది. నేను పుస్తకాలు రాసుకుని బతికినదాన్ని, అద్దకం నా చేతికి అంటలేదు అని చెప్పి చూశాను. "చిన్నప్పుడు చూసిన్రు కదా, అది సాలు" అంది. ఆటో ఎక్కక తప్పలేదు.

గోలెం పక్కన ఆమె దగ్గర లేని సరంజామా లేదు. వేడి చూసే గొట్టం, రంగు మారే కాగితం ముక్కలు, ఏ రోజు ఏం వేసిందో రాసుకున్న నోటుబుక్కు. అయినా మూడు వారాలుగా నూలుకు రంగు ఎక్కడం లేదు. ఎక్కినా కడిగితే పోతోంది. ఈ సంగతి ఎవరికీ చెప్పలేదట. ఫోనులో మాత్రం పాత బట్టల ఫోటోలే మార్చి మార్చి పెడుతోందట. "అంత మంచిగనే నడుస్తుందని చెప్తున్న ఆంటీ. పరేషాన్ అయితుంది" అంది. తర్వాత గొంతు తగ్గించి, "మీ తాత ఉన్నప్పుడు గిట్లయితే ఏం చేసేటోళ్ళు?" అని అడిగింది.

"అబద్ధం చెప్పేటోళ్ళం" అన్నాను.

ఆ పిల్ల నా మొహం కేసి చూసింది, ముసలామెకు ఎండ గిట్ల తగిలిందా అన్నట్టు. అప్పుడు కూర్చోబెట్టి మా ఇంటి ఆనవాయితీ చెప్పాను. ఆనవాయితీ వరకే చెప్పాను. దాని వల్ల నా పదకొండో ఏట ఏం జరిగిందో చెప్పలేదు. అది ఇక్కడ చెబుతాను.

మా ఇల్లు సికింద్రాబాద్ పాత బజారు వెనక ఒక గల్లీలో ఉండేది. ముందు రెండు గదులు, వెనక వాటికి రెండింతల పెరడు. పెరట్లో మూడు గోలేలు మెడదాకా భూమిలో పాతిపెట్టి ఉండేవి. చిన్నవి రెండూ ఎన్నోసార్లు ఖాళీ చేసి మళ్ళీ పెట్టినవే. పెద్దది మాత్రం తాత వాళ్ళ నాయన పెట్టింది. దాన్ని ఎవరూ ఎప్పుడూ ఖాళీ చేయలేదు. అద్దిన కొద్దీ కొత్త నీలిమందు, సున్నం, బెల్లం, ఉడికించిన తగిరిస గింజలు పోసి కాపాడుకుంటూ వచ్చారు. వానకాలంలో రోడ్ల పక్క దానంతటదే మొలిచే తగిరిస మొక్కల్ని జనం కలుపు అంటారు. మా ఇంట్లో అది ధాన్యంతో సమానం. మా మేనత్త యశోద రోజూ తెల్లారగానే పొయ్యి మీద ఒక కుండలో ఆ గింజలు ఉడకబెట్టి, రెండో పొయ్యి మీద మాకు చాయ్ పెట్టేది. మొదటి వడ్డన గోలేనికే. నాన్న రైల్వే వర్క్‌షాపుకు, అమ్మ పొయ్యి దగ్గరికి, నేను బడికి, అందరమూ ఆ తర్వాతే.

తాత పేరు మల్లయ్య. ఆయన చేతులు మోచేతుల దాకా నీలంగా ఉండేవి. పెళ్ళిళ్ళలో కొత్తవాళ్ళు అవి చూసి జబ్బనుకుని దూరం జరిగితే ఆయనకు సరదా, కావాలనే భుజం మీద చేయి వేసి పలకరించేవాడు. పొద్దున లేచి పళ్ళు తోముకుని, ఏమీ తినకుండా తాగకుండా నేరుగా పెద్ద గోలెం దగ్గరికి వెళ్ళేవాడు. మూత తీసి, వేలు ముంచి, ఒక్క చుక్క నాలిక కొసన పెట్టుకుని, కళ్ళు మూసుకుని, ఉమ్మేసేవాడు. ఆ తర్వాత మాటలు. "ఆకలి మీదున్నది" అంటే అత్త గింజల నీళ్ళు పోసేది. "సప్పగున్నది" అంటే సున్నం. "ఉండనీ" అంటే ఆ రోజు దాన్ని ముట్టుకోకూడదు. అత్త అప్పటికి ఇరవై ఏళ్ళుగా ఆ గోలేనికి వండి పెడుతోంది గానీ ఒక్కసారి కూడా వేలు ముంచలేదు. మా ఇంట్లో ఆడవాళ్ళు గోలెం రుచి చూడకూడదు. ఎందుకని నేను అడిగితే "ఎందుకంటే ఎందుకు" అన్నాడు తాత. ఆయన దగ్గర జవాబు లేనప్పుడల్లా అలాగే అనేవాడు.

నాకు అన్నిటికంటే ఇష్టమైంది నూలు చిలపలు, అంటే చుట్టి ముడేసిన నూలు కట్టలు, బయటికి తీసే క్షణం. తెల్లటి నూలు గోలెంలోకి పోతుంది, పైకి వచ్చేసరికి నీలం ఉండదు, లేత ఆకు రంగులో ఉంటుంది. గాలి తగిలిన కొద్దీ మన కళ్ళ ముందే పచ్చ పోయి నీలం వస్తుంది. గోలెంలో లేని రంగు గాలిలోంచి ఎట్లా వచ్చిందో అర్థంకాక నేను నోరు తెరుచుకుని చూసేదాన్ని. ఎన్ని వందలసార్లు చూశానో, ప్రతిసారీ ఈసారి రాదేమోనని గుబులుగానే ఉండేది.

ఒక చలికాలం నిజంగానే రాలేదు. చిలపలు బూడిద రంగులో బయటికొచ్చి అలాగే ఉండిపోయాయి. తాత ఏమీ కానట్టు వాటిని మళ్ళీ ముంచాడు. మర్నాడు సున్నం వేశాడు. ఆ మర్నాడు ఇంకొంచెం వేశాడు. కర్రతో కలిపాడు, మూత తీసి చూశాడు, మళ్ళీ కలిపాడు. పొద్దున్నే రుచి చూసి "సప్పగున్నది" అనడం మాత్రం ఆపలేదు. పది రోజులు గడిచేసరికి గోలెం మీద ఎప్పుడూ ఉండే రాగి మెరుపు పోయి, నీళ్ళు కల్లులా వెలవెలబోయాయి. ఒక మధ్యాహ్నం అన్నం ముందు కూర్చుని తాత మెల్లగా అన్నాడు, "ఇది పోతే నేను ఇంకోటి పెట్టను. మా నాయిన పెట్టింది నా చేతుల్ల పోయినంక ఇంక నేనేం రంగులోణ్ణి." పెద్ద గోలెం పోతే ఇంట్లో పని పోయినట్టే. అంతకంటే ముఖ్యం, ఆ పని లేకుండా తాత ఎట్లా ఉంటాడో మాకెవరికీ ఊహకు కూడా అందలేదు.

అప్పుడు వచ్చింది అబద్ధం మాట. వెయ్యి అబద్ధాలాడైనా ఒక పెళ్ళి చేయమంటారు కదా, మా వంశంలో ఒక్క అబద్ధమాడి గోలేన్ని బతికించమన్నారు. గోలెం పడిపోతే ఇంట్లో ఒకళ్ళు గల్లీలోకి వెళ్ళి ఒక అబద్ధం చెప్పాలి. జనం దాన్ని నమ్మితే, నమ్మి పదిమందికి చెబితే, గోలెం లేస్తుంది. దానికి కట్టుబాట్లున్నాయి. ఎవరింటికీ చేటు రాకూడదు. చావు మాట, అగ్గి మాట ఎత్తకూడదు. ఒక మనిషి అబద్ధం ఒక్కసారే పనిచేస్తుంది, కాబట్టి ప్రతిసారీ కొత్త మనిషి చెప్పాలి. గోలెం లేచేదాకా ఇంట్లోవాళ్ళెవరూ అది అబద్ధమని ఒప్పుకోకూడదు. లేచాక మాత్రం చెప్పినవాళ్ళే ఇల్లిల్లూ తిరిగి వెనక్కి తీసుకోవాలి. తాత వయసులో ఉన్నప్పుడు కంటోన్మెంటులో ఒక గుర్రం మనిషి మాట మాట్లాడిందని చెప్పాడట. అత్త తన వంతు వచ్చినప్పుడు స్టేషన్ గడియారం వెనక్కి నడుస్తోందని చెబితే గల్లీ గల్లీ వెళ్ళి గంటసేపు దాని కింద నిలబడ్డారట. ఇప్పుడు మిగిలింది నేను. అమ్మకూ నాన్నకూ ఇట్లాంటివి చేతకావు, నాన్నదైతే నిజం చెప్పినా అబద్ధంలా ఉండే మొహం.

మొదటి రోజు నేను స్టేషన్లో రైలు డబ్బాలోంచి ఏనుగు దిగిందని చెప్పాను. పంపు దగ్గర ఉన్నవాళ్ళు పడీ పడీ నవ్వారు. "ఏంది, మీ గోలెం గిట్ల పడ్డదా?" అని ఒకామె అననే అంది. గల్లీకి మా ఆనవాయితీ తెలుసు, అదే పెద్ద తక్లీఫ్. ఇంటికి పారిపోయి వచ్చాను. ఎవరూ నమ్మలేదు కాబట్టి అది లెక్కలోకి రాదని అత్త తీర్పు చెప్పింది. మర్నాడు పొద్దున తాత కళ్ళు మూసుకుని చుక్క రుచి చూసి ఉమ్మేస్తుంటే నాకు తట్టింది. ఏనుగుల్నీ గుర్రాల్నీ ఎవరు నమ్ముతారు? ఎవరూ అబద్ధమాడతారని అనుకోని సంగతి చెప్పాలి. రంగువాడి నాలిక మీద వాడి మనవరాలే అబద్ధమాడుతుందని ఎవరనుకుంటారు? చావు కాదు, అగ్గి కాదు, ఎవరింటికో చేటు కాదు, మా ఇంటి సంగతే. నా తెలివికి నేనే మురిసిపోయాను.

పంపు దగ్గర కాసిం చాచా భార్య బిందె పెట్టుకుని నిలబడి ఉంది. చాచీ మంచిది, కాకపోతే ఆమె నోట్లో నువ్వుగింజ నానదు. నాకు కావలసింది అదే. "ఏం బేటా, గంత డల్లుగున్నవ్?" అంది. నేను అటూ ఇటూ చూసి, పెద్దమనిషిలా నిట్టూర్చి, "మా తాతకు నాలిక పోయింది చాచీ. రుచి తెలుస్తలేదు, వాసన తెలుస్తలేదు. ఎవ్వరికీ చెప్పొద్దన్నడు" అన్నాను.

చాచీ నవ్వలేదు. బిందె నిండి పొర్లిపోతున్నా చూసుకోలేదు. "నేను అనుకున్న" అంది మెల్లగా. "మొన్న ఈద్‌కు షీర్‌ఖుర్మల శక్కర్ వేసుడు మర్చిపోయిన. తాగినోళ్ళంత అడిగిన్రు. మీ తాత ఒక్కడే మస్తుగున్నదని ఇంకో గిలాస తెప్పించుకున్నడు."

నేను ఎగిరి గంతేయలేదు గానీ లోపల అదే పని. అబద్ధానికి సాక్ష్యం కూడా దానంతటదే వచ్చి కూర్చుంటుందని నాకు అప్పటిదాకా తెలియదు.

మధ్యాహ్నానికల్లా గల్లీ అంతా తెలిసిపోయింది. కాసిం చాచా నేతగాళ్ళ దగ్గర నూలు తెచ్చి మాకిచ్చి, అద్దాక తీసుకుపోయేవాడు. తాతకు ఆయన మీద గురి, ఆయనకు తాత మీద అంతకంటే గురి. చెప్పులు విడవకుండానే పెరట్లోకి వచ్చాడు. "మల్లన్నా, బయట ఏందేందో అంటున్నరు. ఝూట్ అని ఒక్కమాట చెప్పు, నేను పోయి అందర్ని నోర్లు మూయిస్త" అన్నాడు. తాత తల తిప్పి తలుపు దగ్గర నిలబడ్డ నన్ను చూశాడు. చాలాసేపు చూశాడు. కట్టుబాటు మరిచిపోయాడేమోనని నేను కంగారుపడి, ఒప్పుకోవద్దని కళ్ళతో సైగ చేశాను.

"ఝూట్ కాదు కాసిం" అన్నాడు తాత. "పోయినేడు జొరమొచ్చి తగ్గినప్పటి సంది గిట్లనే ఉన్నది. నోట్ల ఏం పెట్టుకున్నా మట్టే. రోజు చూస్తున్న, ఉమ్ముతున్న, నోటికొచ్చింది చెప్తున్న. సున్నం నేనే ఎక్కువేసి సంపుతున్ననేమో."

కాసిం చాచా గోలెం గట్టు మీద కూలబడ్డాడు. అత్త కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నాకైతే చప్పట్లు కొట్టాలనిపించింది. జ్వరం సంగతి నాకు తట్టనే లేదు, తాత ఎంత చక్కగా అతికించాడు. ఇంత నటన తెలిసిన మనిషి గుర్రం మాట్లాడిందని ఎట్లా నమ్మించాడో ఇప్పుడు అర్థమైందనుకున్నాను.

కాసిం చాచా వెళ్ళాక తాత అత్తను పిలిచాడు. "యశోదా, నువ్వు చూడు." అత్త నమ్మలేనట్టు "నేనా నాయినా?" అంది. ఆయన మూత తీసి పక్కకు జరిగాడు. అత్త చేయి కడుక్కుని, కొంగుకు తుడుచుకుని, వేలు ముంచి నాలిక మీద పెట్టుకుంది. మొహం ముడుచుకుపోయింది. "కొరుకుతున్నది నాయినా. పాన్ల సున్నం ఎక్కువైతే ఎట్లుంటదో గట్లున్నది." తాత తల దించుకుని, "సప్పగ లేదా?" అని మాత్రం అడిగాడు. లేదంది. అయితే సున్నం బంద్ చెయ్యమన్నాడు. గింజల నీళ్ళు, బెల్లం పోసి మూత పెట్టి చుట్టూ పాత గోనెసంచులు కప్పమన్నాడు. ఎవరూ ముట్టొద్దు, కలపొద్దు, చూడొద్దు అన్నాడు. ఇదంతా నేను ఆటలో భాగమే అనుకున్నాను.

ఆ ఐదారు రోజులూ తాత నాతో మాట్లాడలేదు. వేషంలో లీనమైపోయాడనుకున్నాను. ఒక పొద్దున పరీక్ష చేద్దామని ఆయన చాయ్‌లో చక్కెరకు బదులు ఉప్పు వేశాను. గటగటా తాగి గ్లాసు కింద పెట్టి, "ఇంక జెర పొయ్" అన్నాడు అత్తతో. నేను గోడ చాటుకు వెళ్ళి నవ్వాను. ఆ నవ్వు ఇప్పుడు తలుచుకుంటే తల కొట్టేసినట్టవుతుంది. పిల్లలకు ఏం తెలుసు అంటారు గానీ, అంత దగ్గర నిలబడి అంత చూడకపోవడం పిల్లలకే చేతనవుతుందేమో.

ఆరో రోజు మూత తీస్తే నీళ్ళ మీద రాగి మెరుపు, మధ్యలో గుప్పెడు నీలం నురగ. నురగను మేము పువ్వు అనేవాళ్ళం. అత్త రుచి చూసి కళ్ళు తెరవకుండానే నవ్వింది. ఒక చిలప ముంచి తీశారు. ఆకు రంగులో వచ్చింది, గాలికి పట్టుకుంటే అందరమూ చూస్తుండగా నీలమైంది. తాత ఆ చిలపను మొహానికి ఆనించుకున్నాడు. ఏ వాసనా తెలియని మనిషి దాన్ని అట్లా పీల్చడం నాకు గుర్తుంది.

ఇక నా పని మిగిలింది. అడుసు తొక్కనేల కాలు కడగనేల అంటారు, మా ఇంట్లో రెండూ తప్పవు. అబద్ధం చేరిన ప్రతి ఇంటికీ వెళ్ళాను. "మా తాత నాలికకు ఏం కాలేదు, గోలెం కోసం నేనే అబద్ధం చెప్పిన" అన్నాను. తిట్టలేదు ఎవరూ. నవ్వలేదు కూడా. అట్లాంటప్పుడు గల్లీ అంతా నవ్వాలి, గడియారం అబద్ధానికి అత్తను ఏడాదిపాటు ఆటపట్టించారట. నా దగ్గరికి వచ్చేసరికి అందరూ తల ఊపి "సరే బిడ్డా" అని తలుపు దగ్గరికి వేసుకున్నారు. చాచీ నా తల నిమిరి, "మంచిది బేటా, మేము సుత గట్లనే అనుకుంటం" అంది. నాకు చప్పగా అనిపించింది. ఇంత పెద్ద అబద్ధానికి ఇంతేనా అనుకుంటూ ఇంటికి వచ్చాను.

తాత ఒక్కడే పెరట్లో చిలపలు పిండుతున్నాడు. "తాతా, అందరిండ్లకు పోయి చెప్పొచ్చిన. నీ నాలిక మంచిగనే ఉన్నదని" అన్నాను. ఆయన చేతుల్లో చిలప అలాగే ఉండిపోయింది. నీళ్ళు కారుతున్నాయి.

"నువ్వు చెప్పింది అబద్ధమనుకున్నవా?" అన్నాడు.

"మరి? నువ్వు సుత మంచిగ చేసినవ్ తాతా. ఉప్పు చాయ్ ఎట్ల తాగినవ్?"

తాత చిలపను తీగ మీద వేసి వచ్చి గట్టు మీద కూర్చున్నాడు. నన్ను దగ్గరికి రమ్మన్నాడు. తడి చేతులతో నా రెండు చేతులూ పట్టుకున్నాడు. "వారం సంది నీ మీద కోపం పెట్టుకున్న బిడ్డా. నా మనవరాలే నన్ను కనిపెట్టి బజార్ల పెట్టిందనుకున్న. నీకు ముఖం చూపియ్య బుద్ధి కాలే" అన్నాడు. నాకు సగం అర్థమై సగం కాలేదు. "అది నిజమే సుశీలా. నాకు రుచి తెల్వదు."

నేను ఏడ్చాను. ఉప్పు చాయ్ గుర్తొచ్చి ఏడ్చాను, కాసిం చాచా ముందు ఆయన తల తిప్పి నన్ను చూసిన చూపు గుర్తొచ్చి ఏడ్చాను. గోలెం పడిందని పిల్ల కథలు చెబుతోందని ఒక్క మాట అంటే ఆ రోజు పరువు దక్కించుకునేవాడు, కాసిం చాచా ఆ మాట కోసమే చూశాడు. అయినా ఆయన అనలేదు. ఏడుస్తూ ఏడుస్తూనే నాకొక సందేహం వచ్చింది, నా బుద్ధి అప్పటికీ అంతే. "మరి గోలెం ఎట్ల లేచింది తాతా? అబద్ధం చెప్తేనే లేస్తది కదా. నేను నిజం చెప్తిని."

తాత నిజంగానే ఆలోచించాడు. ఎందుకంటే ఎందుకు అనలేదు. పెద్ద గోలెం కేసి చూస్తూ, "అదే నాకు సుత సమజైతలేదు" అన్నాడు.

"మళ్ళ పోయి మొదట చెప్పిందే నిజమని చెప్పి రావాల్నా?" అని అడిగాను. లేచి బయల్దేరడానికి కూడా సిద్ధమయ్యాను. ఆయన చేయి వదల్లేదు. "ఇప్పుడే వద్దు. ఒక నాలుగు రోజులు ఉండనీ" అన్నాడు. అంత పెద్ద మనిషి నన్ను అడిగిన ఒకే ఒక్క కోరిక అది.

ఆ తర్వాత ఆయన బతికినన్నాళ్ళూ గల్లీ ఆ మాట ఎత్తలేదు. పొద్దున అత్త ముందే రుచి చూసేది. బాగుంటే మూత గోడకు ఆనించేది, లేకపోతే నేల మీద పెట్టేది. కాసిం చాచా నూలు మూటతో వచ్చి నిలబడితే తాత మూత వైపు ఒక చూపు చూసి, వేలు ముంచి, కళ్ళు మూసుకుని, ఉమ్మి, చెప్పేవాడు. ఆ సమయానికి కాసిం చాచాకు ఎప్పుడూ ఆకాశంలో ఏదో ఒక పిట్ట కనిపించేది. నేతగాళ్ళెవరైనా కొత్తవాళ్ళు వస్తే చాచానే తాతను గొప్పగా చూపించేవాడు. తాత పోయాక అత్త ఇంకొన్నాళ్ళు నడిపింది. డబ్బాల్లో రంగులొచ్చాక నూలు రావడం తగ్గి, ఒక ఎండాకాలం పెద్ద గోలెం ఎండిపోయింది. దాని కోసం అబద్ధమాడడానికి అప్పటికి ఇంట్లో కొత్త మనిషి ఎవరూ లేరు.

షాహీన్ గోలెంలో నేనూ వేలు ముంచాను. ఈ వయసులో ఆ చుక్క నాలిక మీద పెట్టుకుంటే కొరికింది, అత్త చెప్పినట్టే. కాగితం ముక్క కూడా అదే చెప్పింది, సున్నం ఎక్కువని. మరి ఇన్నాళ్ళూ కాగితం చెప్పలేదా అంటే, చెప్పిందట. కంగారులో తగ్గించడానికి ఒకటి, పెంచడానికి ఒకటి రోజూ వేస్తూ పోయిందట. "ముట్టకుంట వదిలేస్తే దానంతటదే దారికొస్తదంటరు ఆంటీ, గనీ నాకు చేతులు ఆగయి" అంది. నాకు చాలా రోజుల తర్వాత ఒక ఆలోచన కదిలింది. మా పెద్దలు అబద్ధం పేరుతో కంగారుపడే మనుషుల్ని పెరట్లోంచి గల్లీలోకి పంపించేవారేమో. అబద్ధం ఊరు తిరిగి వచ్చేలోపు గోలేనికి కాస్త ఊపిరాడేదేమో. లేక అత్త నాలికా? అత్తను ఒకసారి అడిగితే "నా చెయ్యి మంచిది, అంతే" అంది. నాకు ఈ మూడిట్లో ఏదీ పూర్తిగా చాలదు. పాత రోజులే మంచివని నేను అనను. అప్పుడు ఒక మనిషి ఏడాదిపాటు నాకు తెలియడం లేదు అనలేకపోయాడు. ఇప్పుడు ఈ పిల్ల మూడు వారాలుగా అనలేక పాత ఫోటోలు పెడుతోంది. చేతిలో కాగితం ముక్కలుంటే మాత్రం ఆ కష్టం తగ్గినట్టు కనబడలేదు.

నేను బయల్దేరుతుంటే ఆటో వచ్చేదాకా షాహీన్ గేటు దగ్గర నిలబడింది. "మా దాదా చెప్తుండె ఆంటీ, మీ తాత నాలిక అసొంటిది సికింద్రాబాద్ల ఇంకోటి లేదని. సచ్చేదాంక ఒక్కసారి సుత తప్పలేదట. నిజమేనా?" అని అడిగింది.

కాసిం చాచా ఇంట్లో సొంత మనవరాలికి కూడా చెప్పలేదు. "నిజమే బేటా" అన్నాను. ఆ పిల్ల నమ్మింది. ఆ సాయంత్రమే ఫోనులో పెట్టింది కూడా, అట్లాంటి నాలిక ఉన్న ఇంటి పెద్దమ్మ వచ్చి నా గోలెం చూసి పోయిందని. ఎందరు చదివారో నాకు తెలియదు.

పోయిన వారం ఆమె నుంచి ఫోన్ వచ్చింది. నేను వచ్చేముందు చెప్పినట్టే గోనెలు కప్పి వదిలేసిందట, చేతులు కట్టుకుని కూర్చుందట, ఆరో రోజు మూత తీస్తే పువ్వు పూసిందట. ఆ సంతోషంలో ఆమె ఏమేం చెప్పిందో నేను సరిగ్గా వినలేదు. నా లెక్కలో నేనున్నాను. ఒక మనిషి అబద్ధం ఒక్కసారే పనిచేస్తుంది. పదకొండో ఏట నేను చెప్పింది నిజం కాబట్టి నా వంతు ఖర్చు కాలేదు. అది ఇన్నేళ్ళకు కాప్రాలో పనికొచ్చింది. గోలెం లేచాక చెప్పినవాళ్ళే వెనక్కి తీసుకోవాలి, అది కూడా కట్టుబాటే. కాలు నొప్పితో ఇల్లిల్లూ తిరగలేను కాబట్టి ఇట్లా రాస్తున్నాను.

షాహీన్, మా తాత నాలిక గురించి నీతో అన్నది అబద్ధం. ఆఖరి సంవత్సరాల్లో ఆయనకు ఉప్పుకూ చక్కెరకూ తేడా తెలియదు. అది మీ దాదాకు తెలుసు, మీ దాదీకి తెలుసు, మా గల్లీకంతా తెలుసు. అబద్ధమని తప్పించుకోమని మీ దాదా దారి చూపిస్తే, కాదు నిజమే అన్న మనిషి ఆయన. నువ్వు గొప్పగా చెప్పుకోవాలంటే అది చెప్పుకో. తాత అడిగిన నాలుగు రోజులూ ఇంక అయిపోయాయనే అనుకుంటాను.